గురువారం పేజీ

ఆ వానాకాలం మొదటి ఆదివారం నేను నా భర్త నడిపే బండికి ఎనభై నాలుగు టిక్కులు పెట్టాను.

రోజుకు పద్నాలుగు. ఆరు రోజులకు ఎనభై నాలుగు. టైర్లు, లైట్లు, హారను, బ్రేకులు, అద్దాలు, అలా పద్నాలుగు గడులు. నగరపాలక సంస్థ తన డ్రైవర్లందరికీ ఇచ్చే తనిఖీ పుస్తకం అది. రోజూ పొద్దున బండి తీసేముందు డ్రైవరు చుట్టూ తిరిగి చూసి, బాగున్నదానికి టిక్కు, బాగాలేనిదానికి ఇంటూ పెట్టాలి. యార్డు ఇన్‌చార్జి దాన్ని పరిశీలించి సంతకం చెయ్యాలి. ఆ కాగితం చింపి గేటు దగ్గర ఇస్తేనే బండి బయటికి వెళ్తుంది. ఇది రూలు.

జరిగేది వేరు. ఆదివారం పుస్తకం ఇంటికి వస్తుంది. ఇంట్లో చదువుకున్నవాళ్ళెవరో వారానికి సరిపడా టిక్కులు పెట్టేస్తారు. సోమవారం ఇన్‌చార్జి ఆరు కాగితాల మీదా ఒక్క ఊపున సంతకాలు గీకేస్తాడు. ఆ యార్డులో ముప్ఫై రెండు చెత్త బండ్లున్నాయి. ముప్ఫై రెండు ఇళ్ళలోనూ ఇదే తంతు.

మా ఇంట్లో ఆ పని నాది. బడి పంతులమ్మను కనక, పిల్లల పరీక్ష కాగితాలు దిద్దడం అయ్యాక అదే పెన్నుతో ఆ పుస్తకం కూడా ముగించేదాన్ని.

"ధారాళంగా వెయ్యండి టీచరమ్మా మార్కులు. మా పదిహేడో నంబరు బండి వెనక బెంచీ పిల్ల," అన్నారాయన గోళ్ళు తీసుకుంటూ.

"వెనక బెంచీయేనా, అసలు బడికే రాదా?"

"రావడానికి వస్తుంది. ఆగడమే కాస్త ఆలస్యం. బ్రేకు తొక్కితే కాలు లోతుకి దిగుతోంది."

నా పెన్ను ఆగింది. "మరి నాలుగో గడి?"

"ఇంటూ పెడితే బండి గేటు దాటదు. బండి దాటకపోతే నా రూటు ఇంకొకడికిచ్చి, నా చేతికి పార ఇచ్చి కాలవల్లోకి దింపుతాడు పచ్చసిరా." పచ్చసిరా అంటే ఆ ఇన్‌చార్జి. ఆకుపచ్చ సిరాతో తప్ప సంతకం పెట్టడు. ఆ రంగు పెద్ద అధికారులదని అతని నమ్మకం. "రిపేర్ల మేస్త్రీకి నోటితో చెప్పాన్లే. సామాను రావాలట. చెప్పి నెలైంది. పెట్టెయ్."

పెట్టేశాను. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో, చదవని జవాబుకి టిక్కు పెట్టి ఎరగను. చూడని బండికి మాత్రం ఎనభై నాలుగు పెట్టి, పెన్నుకు మూత బిగించి, కూరగాయలు తరగడానికి లేచాను.

బుధవారం వాన. బండి ఏటవాలు వీధి దిగుతూ ఆగలేదు. కింద బస్సు స్టాపులో జనం ఉన్నారు. ఆయన బండిని పక్కనున్న గిడ్డంగి గోడ వైపు తిప్పారు. జనంలో ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రోజు గురించి ఇంతకంటే రాయను.

ఆయన సంచి ఇంటికి చేరింది. అందులో భోజనం డబ్బా, తువ్వాలు, కళ్ళజోడు, తనిఖీ పుస్తకం ఉన్నాయి. డబ్బా ఒక్కటే తీసి కడిగాను. మిగతావి సంచిలోనే ఉంచి అలమరలో పెట్టాను.

ఇంట్లో మిగిలింది మేం ముగ్గురం. అత్తగారు, నేను, మరిది. మరిదిని ఇంట్లో అందరం చిన్నాడనే పిలుస్తాం. వాడు అదే యార్డులో బదిలీ డ్రైవరు. ఎవరు సెలవు పెడితే వాళ్ళ బండి నడుపుతాడు. అన్న పోయిన వారానికి మళ్ళీ డ్యూటీకి వెళ్ళాడు. తెల్లవారుజామున వాడు చెప్పులేసుకుంటున్న చప్పుడు వినగానే అత్తగారు లేచి గుమ్మంలో నిలబడేది. వాడు వీధి మలుపు తిరిగేదాకా నిలబడేది.

మూడో వారం, శనివారం మధ్యాహ్నం, డ్రైవర్లందరికీ భద్రతా శిక్షణ పెట్టారు. మా బడి కూడా నగరపాలక సంస్థదే కావడంతో మా హాలునే వాడుకున్నారు. పిల్లలు వెళ్ళిపోయారు. నేను పక్క గదిలో కాగితాలు దిద్దుతూ ఉండిపోయాను. హాల్లోంచి శిక్షకుడి గొంతు వినిపిస్తోంది. "ఇదిగో, ఈ కాగితం చూడండి" అన్నప్పుడు మాత్రం లేచి తలుపు దాకా వెళ్ళాను.

గోడంత బొమ్మ. పద్నాలుగు గడులు. ఆ బుధవారం కాగితం.

"నాలుగో గడి. బ్రేకులు. పక్కన ఏముంది? టిక్కు! చూడకుండా టిక్కు పెట్టిన డ్రైవరు ఏమయ్యాడో మీకందరికీ తెలుసు. చెప్పండి, భద్రత ఎవరి చేతుల్లో ఉంది?"

"మన చేతుల్లో," అన్నారు డ్రైవర్లు, ఎక్కాలు అప్పజెప్పే పిల్లల్లా, నేల చూస్తూ.

"అనుమానాలుంటే అడగండి."

వెనకనుంచి ఎవరో అన్నారు. "సార్, ఇంటూ పెడితే ఆ రోజు బండి బదులు చెత్త మోసేదెవరు సార్?"

నవ్వులు. ముందు వరసలో కూర్చున్న పచ్చసిరా తల తిప్పి చూశాడు. ఆ మాట అన్నట్టు అక్కడ ఎవరి ముఖంలోనూ లేదు.

నా టిక్కుకి మొదట చిన్న కొక్కెం ఉంటుంది. నన్ను ఆట పట్టించాలనుకున్న పిల్లలు దాన్నే నల్లబల్ల మీద దించేవారు. ఆ కొక్కెం ఇప్పుడు మా హాలు గోడ మీద మూరెడు పొడవున ఉంది. దాని కింద నా భర్త పేరుంది.

వెనక్కి వచ్చి కూర్చున్నాను. ముందున్న కాగితంలో నాలుగో ప్రశ్నకి ఒక పిల్ల చక్కటి జవాబు రాసింది. చాలాసేపటి దాకా దానికి టిక్కు పెట్టలేకపోయాను.

ఆ సాయంత్రమే పచ్చసిరా పళ్ళ సంచితో మా ఇంటికి వచ్చాడు. తడిసిన గొడుగు గుమ్మంలో ఆనించి, కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మీరు చదువుకున్నవారు, మీకు నేను చెప్పేదేముందమ్మా! విచారణ గురువారం. నివేదిక సిద్ధంగా ఉంది. కుటుంబం తరఫున మీ సంతకం ఒక్కటే తక్కువ."

చదివాను. 'డ్రైవరు నిర్లక్ష్యం వలన' అన్న మాట మొదటి వాక్యంలోనే ఉంది.

"మాటే కదమ్మా. పోయినవాడు తిరిగొస్తాడా? ఫైలు మూసేస్తే అందరికీ మంచిది. సోమవారం నుంచి మీ చిన్నాడికి సొంత బండి ఇచ్చేస్తున్నాం. ఇంక బదిలీ తిరుగుళ్ళుండవు. పదిహేడో నంబరు."

"వాళ్ళ అన్నదా?"

"అదే. బాగు చేయించాం. కొత్త రంగు కూడా వేయించాం."

మూలన కూర్చున్న అత్తగారు తల ఎత్తింది. "రంగు వేశారా నాయనా? సంతోషం. బ్రేకు వేశారా?"

"పెద్దమ్మా, అవన్నీ మీకు తెలిసే విషయాలు కావు..."

"నాకేం తెలుసు నాయనా! చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. మీ ఆఫీసులో చచ్చినవాడి తప్పులు చారెడని ఇవాళే తెలిసింది."

అతను లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, అప్పుడే గుర్తొచ్చినట్టు అన్నాడు. "ఆయన సంచిలో పుస్తకం వచ్చిందేమో. ఆఫీసు ఆస్తి కదా. ఇస్తే నేనే పట్టుకుపోతా."

"వెతకాలి," అన్నాను. అలమర నాలుగడుగుల దూరంలో ఉంది.

అత్తగారు పళ్ళ సంచి తీసుకెళ్ళి అతని చేతికే తగిలించింది. "వాన పెద్దదవుతోంది. త్వరగా వెళ్ళండి."

చిత్తు కాగితం లాంటి ఆ పుస్తకం కోసం ఇంత దూరం వచ్చిన మనిషి వెళ్ళగానే, అలమర తెరిచాను. సోమ, మంగళ, బుధ వారాల కాగితాలు చింపిన అంచులే ఉన్నాయి. ఆ తరవాత గురువారం పేజీ. తేదీ నేను వేసిందే. పద్నాలుగు టిక్కులు. కింద 'పరిశీలించాను' అని పచ్చసిరా సంతకం. శుక్రవారానికీ అంతే, శనివారానికీ అంతే.

గురువారం నాడు ఆ బండి గిడ్డంగి గోడ దగ్గరే పడి ఉంది, ముందు భాగం లేకుండా. కాగితం ప్రకారం దాని లైట్లు వెలుగుతున్నాయి, హారను మోగుతోంది, బ్రేకులు బాగున్నాయి.

మర్నాడు చిన్నాడు పదిహేడో నంబరు బండి కొత్త పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. నా ముందు పెట్టలేదు. "పెన్నిస్తావా వదినా," అన్నాడు అంతే.

"ఇవాళెందుకు? రేపు బండి దగ్గర రాసుకో."

"భలేదానివే. రేపు అయిదున్నరకి ముప్ఫై రెండు బండ్లు వరసలో ఉంటాయి. నేను బండి కింద దూరి పడుకుంటే వెనకాలవాళ్ళు హారన్లతో నా చెవులు చిల్లులు పొడుస్తారు."

"వాళ్ళ పుస్తకాలు ఎవరు రాస్తారు?"

"ఒకడికి పెళ్ళాం, ఒకడికి కూతురు. ముగ్గురికి టీ కొట్టాయన రాస్తాడు. ఆయనకి సైకిలు తొక్కడం కూడా రాదు."

"నిన్న గోడ మీద వేసింది నా టిక్కు."

వాడు తల వంచుకున్నాడు. "తెలుసు వదినా. కొక్కెం చూశాను. నేనెవరికీ చెప్పను. నీ ఉద్యోగం..."

అత్తగారు మా వెనకే ఉంది, ఆరిన బట్టలు మడత పెడుతూ. చేతిలో పెద్దకొడుకు చొక్కా. దాన్ని మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది.

"బ్రేకు బాగాలేదని వాడు నీతో అన్నాడా?"

"అన్నారు."

"అయినా పెట్టావు."

"పెట్టాను అత్తయ్యా."

ఆ తరవాత ఆమె నాతో మాట్లాడలేదు. భోజనానికి లేవలేదు. సాయంత్రం దీపం వేసే వేళకి వచ్చి, చిన్నాడి ముందున్న పుస్తకం తీసి నా ఒళ్ళో పెట్టింది.

"ఇందులో ఇవాళ ఒక్క గీత పడినా ఊరుకోను. రేపు వీడు బండి కింద దూరతాడు. నువ్వు పక్కన నిలబడి ఒక్కొక్కటీ చదువు. నాకు చదువే వచ్చుంటే నేనే వెళ్ళేదాన్ని."

సోమవారం అయిదున్నరకి యార్డులో నిలబడ్డాను, పుస్తకం తడవకుండా గొడుగు దాని మీదికి వంచి. బండ్లన్నీ పొగలు కక్కుతూ గేటు వైపు వరస కట్టాయి. పదిహేడు ముందు నుంచి మూడోది. దాని కొత్త రంగు వాసన చెత్త వాసనను మించి కొడుతోంది.

తరగతిలో డిక్టేషను చెప్పినట్టే చదివాను. "ఒకటి. టైర్లు."

"మూడు బాగున్నాయి. వెనక ఎడమది బోడిగుండులా ఉంది."

"ఇంటూ. రెండు. లైట్లు."

"వెలుగుతున్నాయి."

"మూడు. హారను."

మోగించాడు. వెనకాల పది హారన్లు బదులు పలికాయి, కదలమని.

"నాలుగు. బ్రేకులు."

వాడు ఎక్కి కూర్చుని తొక్కాడు. మళ్ళీ తొక్కాడు. తెరిచిన తలుపులోంచి వాడి కాలు నాకు కనిపిస్తూనే ఉంది. బురదలో దిగినట్టు చివరిదాకా దిగిపోయింది. మూడోసారి తొక్కలేదు. కిందికి దిగి, నా చేతిలోంచి పెన్ను తీసుకుని, నాలుగో గడిలో తానే ఇంటూ పెట్టాడు. కాగితం చిరిగింది.

గేటు కాపలాదారు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పదకొండేళ్ళుగా ఈ గేటు కాస్తున్నా. ఇంటూ ఎలా ఉంటుందో ఇవాళే చూశా!" తల ఎత్తి, తన నెత్తి మీదున్న రూల్స్ బోర్డు పెదాలు కదుపుతూ చదువుకున్నాడు. "లోపం ఉన్న బండి బయటికి పోరాదు. అవును, రాసే ఉంది." లేచి, గొలుసు అడ్డంగా కట్టాడు. ఆ గొలుసు అతని ఉద్యోగ జీవితంలో మొదటిసారి పనికొచ్చిందనుకుంటాను.

పచ్చసిరా పరిగెత్తుకొచ్చాడు. "ఏమిటిది? సమ్మె చేస్తున్నారా? అందరి మీదా చర్య తీసుకుంటా!"

"సమ్మె ఏంటి సార్, డ్యూటీలోనే ఉంటేనూ," అన్నాడు చిన్నాడు. "మొన్న మీరే కదా నేర్పించారు. భద్రత మన చేతుల్లో ఉందని."

అతను నా వైపు తిరిగాడు. "మీకిక్కడ ఏం పని టీచరమ్మా?"

"ఇన్నాళ్ళూ పుస్తకాన్నే బండి దగ్గరనుంచి ఇంటికి తెప్పించాం. ఇవాళ దాన్ని బండి దగ్గరికి తెచ్చాను."

వెనక హారన్లు మోగుతూనే ఉన్నాయి. అంతలో ఒక ఇంజను ఆగింది. ఆ డ్రైవరు కిందికి దిగి, గోనెపట్టా ఒకటి నేలమీద పరిచి, తన బండి కిందికి దూరాడు. ఇంకో ఇంజను ఆగింది. ఇంకోటి. చివరికి యార్డులో వాన చప్పుడే మిగిలింది.

"టీచరమ్మా," అని పిలిచాడు ఒకాయన బండి కిందనుంచి, "నాదీ కాస్త చదవరూ? మా అమ్మాయి కాలేజీకి పోయింది."

ఎనిమిదింటికి లెక్క తేలింది. ముప్ఫై రెండింట్లో గేటు దాటినవి పదకొండు.

ఆ మూడు రోజులు మూలమూలనా చెత్త పేరుకుపోయింది. బడికి వెళ్ళే దారంతా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే నడిచాను. "ఊరంతా కంపు కొడుతోందండీ," అన్నారు మా హెడ్మాస్టరు, నా వైపు చూడకుండా. "కంపు పాతదేనండీ. మూత ఇప్పుడు తీశారు," అన్నాను. అంత మాట నేను అనగలనని నాకే తెలియదు.

గురువారం విచారణ. పొడవాటి బల్ల. అధికారి ముందు ఆ బుధవారం కాగితం, నా సంతకం కోసం ఎదురుచూస్తున్న నివేదిక ఉన్నాయి. పక్కన పచ్చసిరా.

"సంతకం పెట్టను," అన్నాను. "ముందు ఒక సంగతి చెప్పాలి. ఆ కాగితం మీది టిక్కులు మా ఆయనవి కావు. నావి."

పచ్చసిరా ముఖం విప్పారింది. "చూశారా సార్! వాళ్ళే ఒప్పుకున్నారు. డ్రైవరు బండి చూడనే లేదు."

"చూడలేదు. నేనూ చూడలేదు. కానీ బ్రేకు బాగాలేదని ఆయన నెల ముందే మేస్త్రీకి చెప్పారు." పుస్తకం తెరిచి అధికారి ముందుంచాను. చెయ్యి మాత్రం దాని మీదనుంచి తియ్యలేదు. "ఇప్పుడు గురువారం పేజీ చదవండి."

ఆయన చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని తేదీ మళ్ళీ చదివాడు. "ప్రమాదం బుధవారం కదా?"

"అవునండీ. గురువారానికి బండి గోడలో ఉంది. అయినా బ్రేకులు బాగున్నాయని నేను రాశాను. పరిశీలించానని వీరు సంతకం చేశారు. శుక్రవారం కూడా చేశారు, శనివారం కూడా. గోడ దగ్గరికి వెళ్ళి పరిశీలించారేమో అడగండి."

పచ్చసిరా జేబులోని పెన్నును లోపలికి నొక్కుకున్నాడు, కనపడకుండా.

"అమ్మా, మీరూ ఉద్యోగస్తులే," అన్నాడు అధికారి మెల్లగా. "ఈ మాట రికార్డు చేస్తే మీ మీద కూడా చర్య ఉంటుంది."

"రాయండి. నా తప్పు నా పేరున రాయండి. మీది మీ పేరున రాసుకోండి. ఆయన పేరు మీద మోపడానికి ఇంక చోటు లేదు."

పదిహేడో నంబరుకి దాదాపు రెండు నెలలుగా రాని సామాను ఆ వారంలోనే వచ్చింది. అది విన్న రోజున మా ఇంట్లో ఎవరం అన్నం సరిగ్గా తినలేకపోయాం. ఒక్కొక్క బండీ బాగై, ఒక్కొక్క టిక్కూ చూసి పెట్టించుకుని, గేటు దాటింది. పచ్చసిరాని పార్కుల విభాగానికి మార్చారు. "పోనీలే, అక్కడ ఆకులన్నీ అతని రంగే," అంది అత్తగారు. నాకు మెమో ఇచ్చి, ఊరి ఆ చివర బడికి బదిలీ చేశారు. రెండు బస్సులు మారాలి.

వానలు వెనకపట్టే రోజుల్లో ఆఫీసు బంట్రోతు తుది ఉత్తర్వు తెచ్చాడు. కాగితం చివర చిన్న గడి. పక్కన 'పై విషయాలు చదివి, సరైనవని అంగీకరిస్తున్నాను.'

"టిక్కు పెట్టి సంతకం చేసెయ్యండమ్మా. నాకింకా నాలుగిళ్ళున్నాయి."

"కూర్చో బాబూ," అన్నాను.

రెండు పేజీలు, రెండుసార్లు చదివాను. 'డ్రైవరు నిర్లక్ష్యం' అన్న మాట తీసేశారు. 'తనిఖీలో అందరి లోపం' అని రాశారు. నా తప్పు నా పేరునే ఉంది. ఇన్‌చార్జి తప్పు ఇన్‌చార్జి పేరున ఉంది. ఒక్కటే లేదు. బ్రేకు బాగాలేదని ఆయన నెల ముందే చెప్పారన్నది ఎక్కడా లేదు.

పెన్ను మూత తీసి, గడిలో ఇంటూ పెట్టాను. పక్కన రాశాను. 'నెల ముందే చెప్పారు. సామాను ఇవ్వలేదు.'

బంట్రోతు బెంబేలెత్తాడు. "అయ్యో, ఇలా అయితే ఆఫీసులో తీసుకోరమ్మా!"

చిన్నాడి డ్యూటీ చొక్కాకి గుండీ కుడుతున్న అత్తగారు దారం పళ్ళతో తెంపింది.

"తీసుకోకపోతే మళ్ళీ పట్టుకురా నాయనా," అంది. "మా కోడలు మళ్ళీ చదువుతుంది."